మా ల్యాబ్ (లాబ్రడార్) కుక్కని క్రాసింగ్‌కి అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

రాకీవాళ్ళ_నాన్న (విజయవాడ):
నమస్తే అండి. మా రాకీకి 20 నెలలు, మగ ల్యాబ్, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) వాళ్ళ వంశం పేపర్లున్నాయి. మా వీధి చివర ఒకాయన వాళ్ళ ఆడది హీట్‌కి వస్తోందని క్రాసింగ్‌కి ఇవ్వమని రోజూ గేటు దగ్గర పట్టుకుంటున్నారు, ఒక పిల్లని మాకే ఇస్తారట. ఇంట్లో అందరూ సరే అనేశారు, నాకే అనుమానం. రాకీతో పాటు ఒకే ఈతలో పుట్టినదాన్ని మా బామ్మర్ది తెచ్చుకున్నాడు, దానికి ఏడాది నిండకముందే హిప్ డిస్ప్లాసియా (తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం) అన్నారు, మెట్లెక్కలేదు పాపం. మావాడు మాత్రం పరుగో పరుగు. ఇవ్వొచ్చంటారా?

సుబ్బు_వైజాగ్:
ఏం కాదు బ్రో, పేపర్లున్నాయిగా, ఇచ్చెయ్.

హేమ_కూకట్‌పల్లి:
సుబ్బు గారూ, పేపర్లు అమ్మానాన్న ఎవరో చెప్తాయంతే, తుంటి కీలు ఎలా ఉందో చెప్పవు. రాకీ వాళ్ళ నాన్నగారూ, మీ అనుమానం కరెక్టే. ఇది ఒక్క జీన్‌తో వచ్చేది కాదు, బోలెడు జీన్లు కలుస్తాయి, పైగా చిన్నప్పుడు బరువు పెరిగితే ఇంకా ముదురుతుంది, అందుకే తోడబుట్టినదానికి ఉండి మీవాడు బయటికి బాగున్నా లోపల లేదని కాదు, పిల్లలకి ఇవ్వడనీ కాదు. డీఎన్ఏ టెస్ట్‌తో తేలదు, మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెట్టి వెనక కాళ్ళు సాగదీసి ఎక్స్‌రే తియ్యాల్సిందే. అమెరికాలో కుక్కల కీళ్ళ ఎక్స్‌రేలు చూసి గ్రేడిచ్చే ఓఎఫ్ఏ అనే సంస్థ వాళ్ళు 24 నెలలు నిండితేగానీ ఫైనల్ గ్రేడ్ ఇవ్వరు. ఇంగ్లండ్‌లో ఒక్కో తుంటికి 0 నుంచి 53 దాకా మార్కులేస్తారు, ఇందులో మార్కులు తక్కువొస్తేనే గొప్ప.
కళ్ళకొచ్చే పీఆర్‌ఏ, గట్టిగా పరిగెడితే వెనక కాళ్ళు చచ్చుబడే ఈఐసీ, ఇవి వేరే లెక్క, వీటికి డీఎన్ఏ టెస్టుంది. క్యారియర్ (తనకి జబ్బు లేకున్నా లోపమున్న జీన్ ఒకటి మోస్తున్నది) అని వచ్చినంత మాత్రాన పక్కన పెట్టెయ్యక్కర్లేదు, క్లియర్ (ఆ జీన్ అసలు లేని) కుక్కతో కలిపితే ఏ పిల్లకీ జబ్బు రాదు. రెండూ క్యారియర్లైతేనే సగటున నాలుగింట ఒకదానికి వస్తుంది.
అన్నట్టు ఆ ఆడదానికి వయసెంత? మన దేశంలో కుక్కల బ్రీడింగ్ మీద తెచ్చిన 2017 రూల్స్ ప్రకారం 18 నెలలు నిండకుండా ఈతకి పెట్టకూడదు.

జూలీ_అమ్మ:
మా జూలీకీ ఈ తుంటి జబ్బే అండి, ఆరేళ్ళు. లేచేటప్పుడు ముందు కాళ్ళతో ఒళ్ళంతా లాక్కుంటుంది, పరిగెత్తితే కుందేల్లా వెనక కాళ్ళు రెండూ కలిపి గెంతుతుంది, మొదట్లో అది ముద్దుగా ఉందని వీడియోలు తీశాం మేము. టైల్స్ మీద జారకుండా యోగా మ్యాట్లు ముక్కలు కోసి హాలంతా పరిచాం. తర్వాత పేపర్లు తీసి చూస్తే అమ్మకీ నాన్నకీ తండ్రి ఒకడే! మనం మేనరికాలకే భయపడుతున్నాం, వీళ్ళు అన్నాచెల్లెళ్ళనే కలిపేశారు. షోలో గెలిచిన మగకుక్క ఒకటుంటే ఊళ్ళో ఆడవన్నీ దాని దగ్గరికే, మరి దాని లోపం కూడా ఊరంతా చేరదా. మీ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి తాతల పేర్లు చూసుకోండి ముందు.

రాకీవాళ్ళ_నాన్న:
థాంక్సండి. పొద్దున అడిగితే ఆడదానికి 14 నెలలేనంట. ఎక్స్‌రే సంగతెత్తితే "కుక్కలకి కూడా జాతకాలు చూస్తారా సార్" అని నవ్వేశారు. లేదని చెప్పేశా, ఇప్పుడు గేటు దగ్గర పలకరింపుల్లేవు. రాకీకి రెండేళ్ళు నిండాక తీయిస్తా. జూలీ వాళ్ళమ్మగారూ, ఆ మ్యాట్లు కిందకి జారకుండా ఏం పెట్టారు? బామ్మర్ది అడుగుతున్నాడు.