పెరిగిన ధరల్లో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం ఎలా? మీ అనుభవాలు చెప్పండి

అద్దె ఇంటి మనిషి:
మేము రెండు గదుల పాత అద్దె ఇంట్లో ఉంటున్నాము. కిటికీలకు ఒంటి పొర అద్దాలే ఉన్నాయి, బయటి గోడలు సాయంత్రానికల్లా చేయి పెట్టలేనంత చల్లబడతాయి. మా దగ్గర ఉన్నది 2,000 వాట్ల ఫ్యాన్ హీటరు. పోయిన చలికాలంలో వాడినంత సేపే ఈసారీ వాడాము, అయినా ధర పెరగడంతో బిల్లు చూసి కాసేపు మాట రాలేదు. నూనె నింపిన హీటరు కొంటే కరెంటు సగం ఆదా అవుతుందని దుకాణంలో చెబుతున్నారు. అది నిజమేనా? గోడలకు మేకులు కొట్టడానికి కూడా యజమాని ఒప్పుకోరు కనుక పెద్ద మార్పులేవీ చేయలేము. వయసు మళ్ళిన మా అమ్మగారు మాతోనే ఉంటారు కనుక చలిని ఓర్చుకుందామని అనుకోవడానికీ లేదు.

మీటరు రీడింగు:
ఆ మాట నమ్మి ఒకసారి డబ్బు పోగొట్టుకున్నవాడిని కనుక చెబుతున్నాను, సగం ఆదా అన్నది నిజం కాదు. తీగ వేడెక్కి పనిచేసే హీటరు ఏదైనా, అందులో నూనె ఉన్నా, ఫ్యాన్ ఉన్నా, ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడినే ఇస్తుంది. అంతకంటే ఎక్కువ ఇచ్చే దారి దానికి లేదు. నూనె హీటరు చప్పుడు చేయదు, ఆపిన తరువాత కూడా కొంతసేపు వెచ్చగా ఉంటుంది, అయితే అది మొదట్లో వేడెక్కడానికి తీసుకున్న ఆలస్యాన్ని తిరిగి తీర్చడమే. మీ 2,000 వాట్ల హీటరు ఆగకుండా ఐదు గంటలు నడిస్తే 10 యూనిట్లు అవుతాయి. కొత్తదైనా అదే వాట్లతో అంతసేపే నడిస్తే మీటరులో తిరిగేది అంతే. ఆదా అంటూ జరిగితే అది థర్మోస్టాట్, అంటే గది తగినంత వెచ్చబడగానే హీటరును ఆపే మీట, మధ్యమధ్యలో ఆపడం వల్ల జరుగుతుంది, అది మీ పాత హీటరుకూ ఉండే ఉంటుంది.

ఈ లెక్కకు లొంగనిది హీట్ పంపు ఒక్కటే. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తోడి పోస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు, బయట చలి ముదిరేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది. దీనికి కొత్త యంత్రమే కొనాలని లేదు. కొన్ని ఏసీలలో వేడి గాలినిచ్చే మోడ్ ఉంటుంది, అందులో పెడితే ఏసీయే హీట్ పంపుగా పనిచేస్తుంది, రిమోట్ మీద సూర్యుడి బొమ్మ ఉందేమో చూడండి. మా ఇంట్లో ఆ మీట నాలుగేళ్ళు ఎవరూ నొక్కలేదు.

దుప్పటి:
యంత్రాల సంగతి సరే, గదిని కాకుండా మనిషిని వెచ్చబరిస్తే అయ్యే ఖర్చెంతో చూడండి. రెండు లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 0.13 యూనిట్ సరిపోతుంది. ఆ నీళ్ళు నింపిన రబ్బరు సంచి పక్కలో పెట్టుకుంటే రాత్రిలో చాలా భాగం కాళ్ళు వెచ్చగా ఉంటాయి, అదే కరెంటుతో మీ హీటరు నాలుగు నిమిషాలు మాత్రమే నడుస్తుంది. పరుపు మీద పరిచే విద్యుత్ దుప్పటి కూడా సాధారణంగా వంద వాట్ల దరిదాపుల్లోనే తీసుకుంటుంది. నేను రాత్రి పని చేసుకునేటప్పుడు కుర్చీ కింద మందపాటి రగ్గు, ఒళ్ళో ఈ సంచి పెట్టుకుని, హీటరు జోలికే పోను.

అయితే మీ అమ్మగారి విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. సంచిలో మరిగే నీళ్ళు పోయకండి, గుడ్డ చుట్టకుండా ఇవ్వకండి. పెద్దవారి చర్మానికి వేడి తెలిసేలోపే కాలిపోవచ్చు. రెండోది, ఒంటిమీద ఎన్ని కప్పినా పీల్చే గాలి మరీ చల్లగా ఉంటే వారికి మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని, వృద్ధులకు అంతకంటే ఎక్కువ అవసరం కావచ్చని ఉంది. కనుక ఆమె గది ఒక్కదాన్ని వెచ్చగా ఉంచి, తలుపు మూసి, మిగతా ఇంట్లో మీరు స్వెట్టర్లతో సర్దుకోవడమే మేలు.

ఉత్తరపు గాలి:
దుప్పటి గారి మాటతో ఏకీభవిస్తూనే, మేకు కొట్టకుండా చేయగలిగిన పని ఇంకొకటి ఉందని చెప్పాలి. గాలి బాగా వీస్తున్న రోజున ఒక అగరువత్తి వెలిగించి ఇల్లంతా తిరగండి. పొగ ఎక్కడ పక్కకు వంగితే అక్కడ సందు ఉన్నట్లు. కిటికీలే అపరాధులని నేను అనుకున్నాను, కానీ మా ఇంట్లో అసలు ప్రవాహం ముఖద్వారం కింద నుంచి, సింకు కింద పైపు గోడలోకి వెళ్ళే రంధ్రం చుట్టూ వస్తోంది. వేడి గాలి పైకి పోయి పై సందులలోంచి బయటపడుతూ ఉంటే, దాని స్థానంలోకి కింది నుంచి చల్లగాలి దూరుతుంది. అందుకే పాదాల దగ్గర అంత చలి.

తలుపు కింద గుడ్డ చుట్టను అడ్డుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కిటికీ అద్దాన్ని కాస్త తడిపి బబుల్ ర్యాప్ అంటిస్తే జిగురు లేకుండానే నిలుస్తుంది, ఆ బుడగల్లో కదలకుండా ఉన్న గాలే చలిని ఆపుతుంది. వెలుతురు వస్తుంది కానీ బయటి దృశ్యం పోతుంది, దానికి సిద్ధపడాలి. ఎండ తగిలే కిటికీల పరదాలు పగలు పూర్తిగా తీసి, పొద్దు వాలగానే మూసేయండి. మీ పరుపు బయటి గోడకు ఆనుకుని ఉంటే లోపలి గోడ వైపు జరపండి. గాలి ఎంత వెచ్చగా ఉన్నా పక్కనే చల్లటి గోడ ఉంటే మన ఒంటి వేడి దానివైపు పోతూనే ఉంటుంది, థర్మామీటరు 20 చూపిస్తున్నా చలేస్తోందని పెద్దవాళ్ళు అంటే అది చాదస్తం కాదు.

మూడో అంతస్తు:
ఇవన్నీ పోయినేడు అక్షరాలా చేసి, సందు అన్నది లేకుండా మూసినవాడిని నేను. రెండు నెలలకు బీరువా వెనక గోడంతా నల్లటి బూజు పట్టింది. స్నానం, వంట, మన ఊపిరి, ఇంట్లో ఆరేసిన బట్టలు, వీటన్నిటి ఆవిరీ బయటికి దారిలేక చల్లటి గోడ మీద నీరై చేరింది. బట్టలు ఆరేయడం వేడిని కూడా తింటుందని అప్పటికి నాకు తెలియదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.7 యూనిట్ వేడి కావాలి, అది మన గదిలోంచే పోతుంది.

కిటికీ తెరిస్తే వేడంతా పోతుందని భయపడేవాడిని. తరువాత లెక్క వేసి చూశాను. 30 ఘనపు మీటర్ల గదిలో గాలి సుమారు 36 కిలోలు ఉంటుంది, దాన్ని పది డిగ్రీలు వేడి చేయడానికి 0.1 యూనిట్ చాలు. అసలు వేడి గోడల్లో, సామాన్లలో ఉంటుంది. కనుక రోజుకు రెండుసార్లు కిటికీలు పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాల్లో మూసేయడం, రోజంతా ఓరగా తెరిచి ఉంచడం కంటే ఎంతో చవక. బీరువాను కూడా గోడకు నాలుగు వేళ్ళ దూరం జరిపాను.

అద్దె ఇంటి మనిషి:
అందరికీ కృతజ్ఞతలు. మా ఏసీ రిమోట్ మీద సూర్యుడు లేడు, వెతికి చూశాను. హీటరును ఆపి మళ్ళీ పెడితే కరెంటు ఎక్కువ కాలుతుందని, తక్కువ మీద రోజంతా ఉంచడమే లాభమని మా బంధువు ఒకరు గట్టిగా వాదిస్తున్నారు. మీరేమంటారు?

మీటరు రీడింగు:
చిల్లు పడ్డ కుండను రోజంతా నిండుగా ఉంచడానికి పోసే నీరు ఎక్కువా, అవసరమైన వేళకు నింపుకోవడానికి పోసే నీరు ఎక్కువా? లోపలికీ బయటికీ తేడా ఎంత ఉంటే వేడి అంత వేగంగా కారిపోతుంది. బయట 5, లోపల 20 డిగ్రీలు ఉంటే తేడా 15. ఒక్క డిగ్రీ తగ్గిస్తే నష్టంలో పదిహేనో వంతు, అంటే సుమారు 7 శాతం తగ్గుతుంది. కనుక మీ హీటరుకు మీ బంధువు గారి వాదన వర్తించదు. హీట్ పంపు ఉన్నవారి సంగతి వేరు, అది నెమ్మదిగా నడిచినప్పుడే ఎక్కువ లాభమిస్తుంది. గ్యాసుతో నీరు కాచి గదుల్లోని రేడియేటర్లకు పంపే బాయిలర్ ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, కండెన్సింగ్ రకం బాయిలర్లలో రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీరు 55 డిగ్రీలకు లోపు ఉండేలా నీటి వేడిని తగ్గించి పెట్టుకోండి. అప్పుడే పొగలోని ఆవిరి నీరుగా మారి ఆ వేడి కూడా ఇంటికి దక్కుతుంది.

దుప్పటి:
ఖర్చు తగ్గించే తొందరలో దయచేసి ఎవరూ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి, గ్యాసు పొయ్యి వెలిగించి చలి కాచుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్నవారు మళ్ళీ లేవరు. అలాగే 2,000 వాట్ల హీటరును ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకండి. మా బోర్డు ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చాకే నాకు ఆ బుద్ధి వచ్చింది.

అద్దె ఇంటి మనిషి:
పది రోజుల తరువాత రాస్తున్నాను. అమ్మ మంచం లోపలి గోడ వైపు మార్చాము, కిటికీలకు బబుల్ ర్యాప్ వేశాము, సాయంత్రం అందరం ఆమె గదిలోనే కూర్చుంటున్నాము. హీటరు ఇప్పుడు ఆమె గదిలో మాత్రమే, 1,000 వాట్ల మీద నడుస్తోంది, 19 డిగ్రీలు వచ్చాక దానంతట అదే ఆగుతోంది. రోజూ ఉదయం, రాత్రి మీటరు అంకెలు రాసుకుంటున్నాను కనుక నెలాఖరుకు ఇక్కడ పెడతాను. ఒక్కటే చిక్కు, తలుపు అంచుకు వేసిన ఫోమ్ పట్టీ రెండుసార్లు ఊడిపోయింది.

ఉత్తరపు గాలి:
పాత రంగు మీద జిడ్డు, దుమ్ము ఉంటే ఏ జిగురూ నిలవదు. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, మధ్యాహ్నం తలుపు కాస్త వెచ్చగా ఉన్నప్పుడు అంటించి, కొన్ని గంటలు తలుపు వేయకుండా ఉంచండి. పట్టీ మరీ మందమైనదైతే తలుపు మూసినప్పుడల్లా నలిగి ఊడుతుంది, సన్నది కొనండి.