క్రాఫ్ట్స్‌మన్ మంచం నేనే చేస్తున్నా: ఏ చెక్క, ఏ అతుకు? (చర్చ)

మూడో_అంతస్తు
అందరికీ నమస్కారం. బెంగళూరు మహదేవపురలో ఉంటాను. మా బిల్డింగ్ టెర్రస్ మీద రేకుల షెడ్డు ఉంది, ఓనర్ గారు వాడుకోమన్నారు. ఆదివారాలు అక్కడే చెక్కపని. ఇప్పటిదాకా స్టూళ్లు, షూ ర్యాకు, ఒక పూజామందిరం చేశాను. ఇప్పుడు అమ్మ కోసం మంచం మొదలుపెట్టాలి. మోకాలి ఆపరేషన్ అయింది, సంక్రాంతి తర్వాత నా దగ్గరే ఉంటుంది. క్రాఫ్ట్స్‌మన్ అనే పాత అమెరికా పద్ధతిలో చేయాలని ఆశ. నలుపలకల కోళ్లు, తలవైపు నిటారు పట్టీలు, కుసి (బెజ్జంలోకి దూరే పట్టె కొస) కోడును దాటి అవతలికి కనిపించాలి.

ఆ పద్ధతికి వాడే వైట్ ఓక్ నా జీతానికి అందదు, మరి ఏ చెక్క కొనాలి? బెజ్జాలు తీసే మోర్టైజ్ మెషీన్ లేదు. డ్రిల్లు, ఉలితో మూడంగుళాల కోడులో ఆరపార బెజ్జం వంకర పోకుండా ఎలా తీయాలి? మంచం మెట్ల మీదుగా రెండంతస్తులు దిగాలి, కాబట్టి పక్క పట్టెలు విప్పే వీలుండాలి. పాలిష్ వాసన అమ్మకు పడదు. ఎత్తు ఎంత ఉంటే మేలో కూడా చెప్పండి.

సముద్రంగాలి
చెన్నై అంబత్తూరులో 22 ఏళ్లుగా ఫర్నిచర్ వర్క్‌షాప్ నడుపుతున్నాను. మంచానికి టేకు తప్ప ఇంకో మాట లేదు. పచ్చిది ఎండేటప్పుడు టేకు అడ్డంగా కుంచించుకునేది 5.8 శాతం. వైట్ ఓక్ 10 శాతం దాటుతుంది. సముద్రం పక్కన వానాకాలం ఉబ్బి, ఏసీ గదిలో కుంచించుకుపోయే చెక్కతో మంచం చేస్తే రెండేళ్లలో అతుకు వదులై కిర్రుమంటుంది. చేవ (దుంగ లోపలి గట్టి చెక్క) ఉన్న టేకు తీసుకోండి. క్వీన్ సైజు మంచానికి వేస్టేజీతో కలిపి ఆరు, ఆరున్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) చాలు.

ఆదివారం_వడ్రంగి
టేకు అనగానే నా పాత గాయం గుర్తొచ్చింది. నాలుగేళ్ల కింద ఒక డిపోలో బర్మా టేకు అని చెప్పి అంటగట్టారు. ఎక్స్‌ట్రా డబ్బులిచ్చి బిల్లు కూడా తీసుకున్నా. మంచం చేశాను, పాలిష్ కొట్టాను, అంతా బాగుంది. ఏడో నెలలో పొద్దున్నే ఊడుస్తుంటే మంచం కింద గోధుమపిండి చల్లినట్టు పొడి. కోడు తిప్పి చూస్తే గుండుసూది మొనంత బెజ్జాలు, వరసగా పదకొండు. పుచ్చు పురుగు! పట్టిందంతా అంచున ఉన్న తెల్లచెక్కలోనే, చేవను ముట్టుకోలేదు. త్వరగా పెంచి త్వరగా కొట్టేసే తోట టేకులో ఆ తెల్లచెక్క పాలే ఎక్కువ. కొనేటప్పుడు దూలం తల కోయించి చూడండి, రంగు తేడా అక్కడే తెలుస్తుంది. పైన రంగు పూసి ఉంటే ఆ డిపో మెట్లు దిగి వచ్చేయండి.

కొడగు_తోట
కొడగులో ఒక కాఫీ ఎస్టేట్ లెక్కలు చూస్తాను. ఓక్ చారలే కావాలనుకుంటే సిల్వర్ ఓక్ చూడండి. కాఫీకి నీడ కోసం, మిరియం తీగ పాకడానికి ఇక్కడ వేలకొద్దీ పెంచుతారు. నేను ఇచ్చిన ధర టేకు ధరలో మూడో వంతు కూడా లేదు. దాన్ని క్వార్టర్ సాన్ (దుంగ నడుమ నుంచి అంచు వైపు) కోయిస్తే పట్టుచీర జరీ మీద ఎండ పడ్డట్టు మెరిసే మచ్చలు వస్తాయి. నా రాత బల్ల దానితోనే చేశాను, ఐదేళ్లయింది.

సముద్రంగాలి
సిల్వర్ ఓక్ పెట్టెల చెక్క, ప్లైవుడ్ చెక్క. ఆపరేషన్ అయిన పెద్దావిడ పడుకునే మంచానికి దాన్ని చెప్పడం బాధ్యత లేని మాట. రోజుకు పది మంచాలు చూసే వృత్తి నాది. రాత బల్ల వేరు, మనిషి బరువు మోసే మంచం వేరు.

కొడగు_తోట
బాధ్యత గురించి నాకు చెప్పకండి. బరువు మోసేది పట్టె లోతు, కోడు మందం, అతుకు. ఏడంగుళాల లోతు, అంగుళంపావు మందం ఉన్న పట్టె సిల్వర్ ఓక్‌తో చేసినా ఇద్దరు మనుషులకు వంగదు. నడిమి దూలం కింద ఒక కాలు పెడితే ఇంకా భయం లేదు. మా ఇంట్లో వాడే చెక్కను మీరు చూడకుండా తీసేస్తే కోపం రాదా?

చేవకర్ర
ఇద్దరూ ఆగండి. ముందు పేరు సరిచేసుకుందాం. సిల్వర్ ఓక్ అసలు ఓకే కాదు. ఓక్ అంటే క్వెర్కస్. ఇది గ్రెవిల్లియా రోబస్టా, ఆస్ట్రేలియా చెట్టు, కుటుంబమే వేరు. చెక్కలో నడుమ నుంచి బెరడు వైపు సాగే కిరణాలు పెద్దవి కాబట్టి క్వార్టర్ సాన్‌లో మచ్చ వస్తుంది, అంతవరకే పోలిక. గట్టిదనంలో వైట్ ఓక్ దరిదాపుల్లోకి రాదు. పైగా దాని రంపపు పొట్టు కొందరి ఒంటికి పడదు. నాకు రెండు మోచేతుల దాకా దద్దుర్లు వచ్చి వారం రోజులు నిద్ర లేదు. మాస్కు, నిండు చేతుల చొక్కా లేకుండా సాండర్ పట్టకండి.

అమ్మినవాడు చెప్పిన పేరు మీద నమ్మకం లేకపోతే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఐడబ్ల్యూఎస్‌టీ ఉంది, చెక్కను గుర్తుపట్టి చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఆదివారం_వడ్రంగి గారు పాలిష్ కొట్టే ముందే అక్కడికి ఒక ముక్క పట్టుకెళ్లి ఉండాల్సింది.

ఆదివారం_వడ్రంగి
ఇప్పుడు తెలిసింది. అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఉలిదెబ్బ
పేరు గొడవ పక్కన పెట్టండి. క్రాఫ్ట్స్‌మన్ అంటే ఓక్ అని ఎవరు నిర్ణయించారు? గుస్తావ్ స్టిక్లీ అనే అమెరికా ఆయన 1901లో ‘ది క్రాఫ్ట్స్‌మన్’ అనే పత్రిక మొదలుపెట్టాడు, 1916 దాకా నడిచింది. ఆ పేరే ఈ పద్ధతికి వచ్చింది. ఆయన చెప్పిందల్లా చెక్క చెక్కలా కనపడాలి, అతుకు అతుకులా కనపడాలి, లేని నగిషీ అతికించకూడదు అనే. వాళ్ల చుట్టుపక్కల ఓక్ ఉంది కాబట్టి ఓక్ వాడారు. మన చుట్టూ టేకు ఉంది, మద్ది ఉంది, పనస ఉంది. మచ్చ కోసం ప్రాణం పెట్టనక్కర్లేదు.

కానీ క్వార్టర్ సాన్ వదలకండి. దుంగ నడుమ నుంచి అంచు వైపు కోస్తే చెక్క కదలిక సుమారు సగానికి తగ్గుతుంది. టేకులో చూడండి, సముద్రంగాలి గారు చెప్పిన 5.8 ఉంగరాల వెంట. కిరణం దిక్కున అది 2.5 మాత్రమే.

సముద్రంగాలి
అది నాకు తెలియక కాదు. మైసూర్ రోడ్డు టింబర్ యార్డులో ఒక మనిషికి ఆరు సీఎఫ్‌టీ కోసం దుంగను క్వార్టర్ కోసి ఇస్తారా? కొనేవాడి కష్టం కూడా చూడండి.

ఉలిదెబ్బ
ఇవ్వరు. నేనే వెళ్లి రెండు గంటలు నిలబడి పలకల గుట్టలో తలకట్లు చూసి ఏరుకున్నాను. పలక తల మీద ఉంగరాలు నిటారుగా నిలబడి ఉంటే అదే క్వార్టర్. ప్రతి గుట్టలో నాలుగైదు దొరుకుతాయి. పచ్చివి ఇంటికి తెచ్చి వెంటనే కోయకండి. మధ్య మధ్యలో పట్టీలు పెట్టి పేర్చి ఆరనివ్వండి.

పసుపుకుంకుమ_కేఆర్‌పురం
చెక్క ఏదైనా రంగు గురించి చెప్తాను. పాత క్రాఫ్ట్స్‌మన్ సామానుకు ఆ ముదురు గోధుమరంగు అమ్మోనియా పొగ పట్టిస్తే వచ్చేది. ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థానికి అమ్మోనియా తగిలితే రంగు మారుతుంది. మన చెక్కలో టానిన్ తక్కువైతే మనమే పట్టించొచ్చు. మాది శ్రీకాళహస్తి దగ్గర ఊరు. కలంకారీకి ముందు బట్టను కరక్కాయ, పాలల్లో తడుపుతారు, తర్వాత ఇనుము పులియబెట్టిన కసిం పడగానే నల్లగా తిరుగుతుంది. అదే పని చెక్క మీద చేశాను. కరక్కాయ పొడి నీళ్లలో మరిగించి వడగట్టి రెండు పూతలు. ఆరాక వినిగర్‌లో స్టీల్ ఊలు నానబెట్టిన నీళ్లు బాగా పలచన చేసి ఒక్క పూత. ఐదు నిమిషాల్లో కళ్ల ముందే చెక్క ముదురుతుంది. చిక్కగా పూస్తే బొగ్గులా అయిపోతుంది, పలచగానే పూయండి.

అమ్మోనియా కూడా ఒకసారి పాలిథీన్ గుడారంలో ప్రయత్నించా, ఆ రంగు లోతు వేరు.

అమ్మ_ఇద్దరు_పిల్లలు
దయచేసి అపార్ట్‌మెంట్లో అమ్మోనియా మాట ఎత్తకండి. మా పక్కింటాయన టెర్రస్ మీద ఇదే పని చేశాడు. గుడారం ఒక మూల లేచి, గాలి మా కిటికీలోకి కొట్టింది. మా చిన్నాడికి ఉబ్బసం, ఆ రాత్రి ఆస్పత్రిలో నెబ్యులైజర్ పెట్టించాం. ఫ్యాక్టరీల్లో వాడే గాఢమైన అమ్మోనియా కళ్లను కాల్చేస్తుంది. హాబీ మీది, ఊపిరి మా పిల్లలది.

పసుపుకుంకుమ_కేఆర్‌పురం
మీ బాబు విషయం చదివి చాలా బాధగా ఉంది. నేను చేసింది ఊళ్లో పొలం దగ్గర. అయినా ఇక్కడ రాయకుండా ఉండాల్సింది. కరక్కాయ ఒక్కటే చేయండి.

చేవకర్ర
నూనె పాలిష్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డ ముద్దగా చుట్టి మూల పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి. షెడ్డు రేకులదైనా లోపలున్నది పొట్టే.

మూడో_అంతస్తు
అందరికీ ధన్యవాదాలు. చెక్క గురించి చాలా తెలిసింది. బెజ్జం సంగతి, పట్టెలు విప్పే సంగతి ఎవరూ చెప్పలేదు. దయచేసి చెప్పండి.

నవారుమంచం
మా తాత గారి పట్టెమంచం గురించి చెప్పాలనిపించింది. ప్రొద్దుటూరు దగ్గర మా ఊరు. నల్లతుమ్మ కోళ్లు, వేప పట్టెలు. జిగురు లేదు, మేకు లేదు. కుసి బెజ్జంలోకి కొంచెం వదులుగానే దూరుతుంది. నవారు అల్లి బిగించాక ఆ లాగుడుకే నాలుగు అతుకులూ పట్టేస్తాయి. ఎవరైనా కూర్చుంటే ఇంకా బిగుస్తాయి. ఏడాదికోసారి తాత నవారు విప్పి ఉతికి ఆరేసేవారు, అప్పుడు మంచం ఎనిమిది ముక్కలుగా గోడకు ఆనించి ఉండేది. విప్పే మంచం మనకు కొత్త కాదు. ఆ మంచం ఇప్పుడు మా పెదనాన్న గారింట్లో ఉంది, కోళ్లు అద్దంలా మెరుస్తున్నాయి.

ఆదివారం_వడ్రంగి
నల్లతుమ్మకు పుచ్చు పట్టలేదా అన్నా?

నవారుమంచం
చేవకు పట్టలేదు తమ్ముడూ. తుమ్మ దుంగను తాత కొన్ని నెలలు చెరువు నీళ్లలో నానబెట్టించేవారు.

ఉలిదెబ్బ
మూడో_అంతస్తు గారూ, మన్నించండి, కొట్లాటలో మీ ప్రశ్న వదిలేశాం.

ఆరపార బెజ్జానికి దొంగదారి ఉంది, మోసం కాదు. కోడును ఒకే దుంగ నుంచి తీయకండి. ఒకటిన్నర అంగుళం పలకలు రెండు తీసుకుని, అతికించబోయే ముఖాల మీద బెజ్జం సగం సగం గాడిగా తీసేయండి. రంపంతో రెండు అంచులు కోసి ఉలితో మధ్యది లేపేస్తే చాలు. తర్వాత రెండూ జిగురుతో అతికిస్తే లోపల నలుపలకల బెజ్జం సిద్ధం. అతికించేటప్పుడు మైనం పూసిన చెక్కముక్క లోపల పెట్టండి, ముక్కలు జారవు. జిగురు గట్టిపడకముందే ఆ ముక్క లాగేయండి. స్టిక్లీ తమ్ముళ్ల కంపెనీ ఎల్. అండ్ జె.జి. స్టిక్లీ ఇంకో అడుగు ముందుకేసింది. ఒకే దుంగ అయితే మచ్చ రెండు ముఖాల మీదే కనిపిస్తుందని నాలుగు ముక్కలు కలిపి కోడు చేసేవాళ్లు, నాలుగు వైపులా మచ్చ వచ్చేది.

ఒకే దుంగే కావాలంటే మూలమట్టంతో రెండు ముఖాల మీదా గుర్తు పెట్టండి. రెండింటికీ ఒకే అంచు నుంచి కొలవాలి. ఇటు సగం, అటు సగం డ్రిల్ చేయండి, ఒక వైపు నుంచే పోతే అవతల చెక్క చిట్లుతుంది. కుసి మందం పలకలో మూడో వంతు.

జిగురు, మేకు తలవైపు ఫ్రేముకి, కాళ్లవైపు ఫ్రేముకి మాత్రమే. పక్క పట్టెలకు పొట్టి కుసి, దానితో పాటు కోడు బయటి నుంచి 10 ఎంఎం బోల్టు, పట్టెలో అడ్డంగా బ్యారెల్ నట్ (గుండ్రటి కడ్డీ ముక్కలాంటి నట్). కుసి బరువు మోస్తుంది, బోల్టు లాగి పట్టుకుంటుంది. మెట్ల మీద నాలుగు ముక్కలే దిగుతాయి.

సముద్రంగాలి
బోల్టు విషయంలో ఉలిదెబ్బ గారు చెప్పింది నూటికి నూరు శాతం సరి. మా వర్క్‌షాప్‌లో కొక్కేల ఫిటింగ్ వాడి నేను కస్టమర్లతో మాటలు పడ్డాను. కొడగు_తోట గారూ, నిన్న మాట తూలాను. మీ రాత బల్ల ఫొటో పెట్టండి, చూడాలనుంది.

అమ్మ_ఇద్దరు_పిల్లలు
ఎత్తు ఎవరూ చెప్పలేదు. మా అత్తగారికి రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయ్యాయి. ఫిజియోథెరపిస్ట్ చెప్పింది ఇదే. మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, తుంటి మోకాలి కంటే కాస్త పైన ఉండాలి. పరుపు మీద కూర్చున్నాక ఎంత దిగుతుందో అది కూడా లెక్కలోకి తీసుకోండి. పట్టె అంచు పరుపు కంటే పైకి రాకూడదు, తొడ కింద కోసుకుంటుంది. ఇంకోటి, కాళ్లవైపు ఫ్రేము ఎత్తుగా పెట్టండి. లేచేటప్పుడు పట్టుకోవడానికి అదే ఆధారం.

మూడో_అంతస్తు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. టేకే తీసుకున్నా. యార్డులో ఉంగరాలు చూసుకుంటూ మూడు గంటలు తిరిగాను, నిటారువి తొమ్మిది పలకలు దొరికాయి. తెల్లచెక్క కనిపించిన మేర కోసి పారేశాను. చిన్న సిల్వర్ ఓక్ ముక్క కూడా తెచ్చి కరక్కాయ పూశాను, తలవైపు నిటారు పట్టీలు దానితో చేస్తున్నా, జరీ మెరుపు నిజమే.

చెల్లి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి ఎత్తు కొలిచింది, పదిహేడున్నర అంగుళాలు. కూర్చుంటే పరుపు అంగుళం దిగుతుందని లెక్కేసి పరుపు పైభాగం ఇరవై అంగుళాలకు పెట్టాను. నిన్న మొదటి కుసి బెజ్జంలోకి వెళ్లింది. సుత్తి లేకుండా, అరచేత్తో నెడితే, చివరి పావు అంగుళం కూడా మెల్లగా దిగి ఆగింది. షెడ్డులో ఒక్కణ్నే ఉన్నా, వెంటనే అమ్మకు వీడియో కాల్ చేశాను.

ఇప్పుడు పక్క పట్టెలు కోయాలి. పరుపు పొడవు 75 తీసుకోనా, 78 తీసుకోనా?

కొడగు_తోట
78. కానీ పట్టె కోయకముందు పరుపు ఇంటికి తెప్పించి మీ టేపుతోనే కొలవండి. నాకు బిల్లు మీద 78 రాసి, వచ్చింది 77 అంగుళాలే.