ఇంజిన్ మారిన 1973 పోర్షె ఆర్‌ఎస్ 2.7: ధర ఎంత తగ్గాలి?

ఎయిర్‌కూల్డ్_బెజవాడ

పోర్షె 911 కారెరా ఆర్‌ఎస్ 2.7 గురించి మాట్లాడుకునే చోటల్లా ఈ పేచీ వస్తుంది. ఇక్కడ తేల్చుకుందాం.

రెండు కార్లు అనుకోండి. రెండూ అసలు ఆర్‌ఎస్ చాసిస్‌లే, కండిషన్ కూడా సమానం. ఒకదాంట్లో ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఉంది. రెండోదాంట్లో కూడా అదే 911/83 రకం ఇంజిన్, కాకపోతే 1974 మోడల్ యూరప్ కారెరా నుంచి తీసి పెట్టింది. అదే 2,687 సీసీ, అదే 90 మి.మీ. బోర్, 70.4 మి.మీ. స్ట్రోక్, అదే బాష్ మెకానికల్ ఇంజెక్షన్, అదే 210 హార్స్‌పవర్. నడిపితే తేడా తెలియదు. అయినా రెండోదానికి 20 నుంచి 30 శాతం తగ్గించి అడగడం బజారులో ఆనవాయితీ అయిపోయింది.

నా వాదన: ఇది అన్యాయం. ఇంజిన్ అరిగే వస్తువు, మార్చడానికి వీలుగానే చేశారు. ఈ కారు అసలు ప్రాణం షెల్లు, అంటే రేకుతో కట్టిన బాడీ. ఆర్‌ఎస్‌లో బరువు తగ్గించడానికి పలచటి రేకు వాడారు. తుప్పు పట్టి వెనక సస్పెన్షన్‌ని మోసే టార్షన్ బార్ ట్యూబ్, వెనక సీట్ల కింద భాగం, తలుపుల కింది సిల్స్ అన్నీ కొత్త రేకుతో కట్టిన కారుని ‘మ్యాచింగ్ నంబర్స్’ (ఫ్యాక్టరీలో బిగించిన ఇంజినే ఉంది) అని పూర్తి ధరకి అమ్ముతారు. తుప్పు అంటని అసలు షెల్లులో వేరే ఇంజిన్ ఉంటే మాత్రం మూడో వంతు కోసేస్తారు. ఇదేం లెక్క?

సికింద్రాబాద్_క్లాసిక్స్

షెల్లు గురించి మీరన్నదానితో ఏకీభవిస్తాను. మిగతాదానితో కాదు.

ఆర్‌ఎస్ మొత్తం 1,580 మాత్రమే తయారైంది. అందులో 200 బరువు తగ్గించిన లైట్‌వెయిట్‌లు, 1,308 సౌకర్యాలున్న టూరింగ్‌లు, మిగతావి వేరే రకాలు. మామూలు 911 షెల్లుకి వెడల్పు ఫెండర్లు, డక్‌టెయిల్ అనే వెనక రెక్క తగిలించి ఆర్‌ఎస్ అని చెప్పేవి లోకంలో లెక్కలేనన్ని ఉన్నాయి. అలాంటప్పుడు కారు నిజమైనదని నిలబెట్టే సాక్ష్యాలు ఒకదానికొకటి తోడు ఉండాలి. చాసిస్ నంబర్ ఒక సాక్షి, గేర్‌బాక్స్ నంబర్ ఒకటి, ఇంజిన్ నంబర్ ఇంకొకటి. ఒక సాక్షి తగ్గితే మిగతావాటి మీద భారం పెరుగుతుంది. కొనేవాడు తగ్గించి అడిగేది హార్స్‌పవర్ తగ్గిందని కాదు, అనుమానం పెరిగిందని.

కొత్తగా చదివేవాళ్ల కోసం నంబర్ల సంగతి చెప్తాను. ఆర్‌ఎస్ చాసిస్ నంబర్ 911360తో మొదలవుతుంది. ఇంజిన్ నంబర్ 663తో మొదలవుతుంది. మొదటి 6 ఆరు సిలిండర్లకి, రెండో అంకె ఇంజిన్ రకానికి, మూడోది మోడల్ ఇయర్‌కి. అదే ఏడాది మిగతా 911 రకాల్లో టీకి 613, ఈకి 623, ఎస్‌కి 633. మీరు చెప్పిన 1974 ఇంజిన్‌కి 664 ఉంటుంది. చాసిస్ నంబర్‌లో ఇంజిన్ నంబర్ జాడే ఉండదు కాబట్టి ఏ ఇంజిన్ ఏ కారులో పుట్టిందో చెప్పేది ఫ్యాక్టరీ రికార్డు ఒక్కటే, దాన్నే కార్డెక్స్ అంటారు. 663తో మొదలైనంత మాత్రాన ‘మ్యాచింగ్’ కాదు. అది ఇంకో ఆర్‌ఎస్‌లోంచి ఊడి వచ్చిన ఇంజిన్ కావచ్చు. అమ్మేవాళ్లు ఎక్కువగా దాటేసేది ఇక్కడే.

కేస్_హాఫ్

ఇంజిన్ పని చేసేవాడిగా ఒక మాట. ఇన్ని ఆర్‌ఎస్‌ల ఇంజిన్లు ఎందుకు మారాయో తెలిస్తే ధర గొడవ సగం తేలుతుంది.

వీటి క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్‌కి పునాదైన పోత పెట్టె, మెగ్నీషియం. సిలిండర్‌కి 4 చొప్పున హెడ్‌ని బిగించే 24 స్టడ్‌లు (మరలున్న పొడవాటి కడ్డీలు) నేరుగా ఆ మెగ్నీషియంలోకే దిగుతాయి. ఇంజిన్ వేడెక్కితే అల్యూమినియం సిలిండర్లు, హెడ్‌లు స్టీల్ స్టడ్ కంటే ఎక్కువ సాగుతాయి. ఆ లాగుడంతా కేస్‌లోని మరల మీద పడుతుంది. 2.7 లీటర్లకి బోర్ పెంచినప్పుడు సిలిండర్ దిగే రంధ్రాలు పెద్దవై చుట్టూ లోహం ఇంకా తగ్గింది. ఏళ్లు గడిచేకొద్దీ స్టడ్ మరతో సహా పైకి లేస్తుంది. సిలిండర్ అడుగున ఆయిల్ చెమర్చడం, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు హెడ్ దగ్గర ‘ఉఫ్ ఉఫ్’మని గాలి చప్పుడు రావడం దీని గుర్తులు. అమెరికాకి వెళ్లిన 1975–77 కార్లలో థర్మల్ రియాక్టర్ల (ఎగ్జాస్ట్ పొగని మండించే పరికరాలు) వేడి వల్ల ఇది మరీ ఘోరంగా ఉండేది. ఆర్‌ఎస్‌లో అంత లేదు, అలాగని తప్పించుకోనూ లేదు.

అప్పట్లో ఈ కార్లకి విలువ లేదు. కేస్ పాడైతే పక్కన పడేసి వేరే ఇంజిన్ బిగించేవాళ్లు. ఇప్పుడు ఆ కేస్‌ని బాగుచేయొచ్చు. చేయాల్సింది ఇది:

ఊడిన ఒక్క రంధ్రానికి కాదు, 24కీ స్టీల్ ఇన్సర్ట్‌లు వేయాలి. ఒకటి వేసి వదిలేస్తే మిగతావి వరుసగా లేస్తాయి. డ్రిల్లింగ్ చేతితో చేయకూడదు, జిగ్ (డ్రిల్‌ని నిటారుగా నిలిపే చట్రం) మీదే చేయాలి, లేకపోతే స్టడ్ పక్కకి వాలి హెడ్ సరిగా కూర్చోదు. తర్వాత మెయిన్ బేరింగ్ బోర్ కొలవాలి. కేస్ వంగి ఉంటే లైన్ బోర్ చేసి (బేరింగ్ రంధ్రాలన్నిటినీ ఒకే వరుసకి కోసి) బయటి కొలత 0.25 మి.మీ. ఎక్కువున్న బేరింగులు వాడాలి. సిలిండర్ కూర్చునే ముఖాలు సమతలంగా లేకపోతే తేలికగా మిల్లింగ్ చేయాలి. ఆఖర్న హెడ్ నట్లు రెండు విడతలుగా, అడ్డదిడ్డంగా కాకుండా వరుస ప్రకారం 33 న్యూటన్ మీటర్ల దగ్గరికి బిగించాలి.

కేస్ రెండు సగాలనీ కలిపి మిషనింగ్ చేస్తారు, రెండిటి మీదా ఒకే జత నంబర్ ఉంటుంది. ఒక సగం పాడైతే ఇంకో ఇంజిన్ సగం తెచ్చి అతికిద్దామంటే కుదరదు.

ఇంజిన్ నంబర్ ఫ్యాన్ పక్కన కుడివైపు నిలువు ముఖం మీద ఉంటుంది. కేస్ శుభ్రం చేయడానికి బ్లాస్టింగ్‌కి పంపేముందు ఆ చోటుని మందపాటి టేప్‌తో రెండు మూడు పొరలు కప్పి పంపండి. గాజుపూసల బ్లాస్టింగ్ ఒక్క నిమిషం తగిలితే చాలు, ఫ్యాక్టరీ పంచ్ అంచులు గుండ్రమైపోతాయి. తర్వాత ఎంత నిజమైన నంబరైనా అనుమానంగానే కనిపిస్తుంది. పనిమంతులు చేతులారా చేసే నష్టాల్లో ఇదే పెద్దది.

డెట్రాయిట్_తెలుగు

అమెరికన్ కార్ల వైపు నుంచి ఒక పోలిక చెప్తాను. అక్కడ ఈ పేచీ పదింతలు.

1967 షెవర్లే కార్వెట్‌లలో ఎల్88 ఇంజిన్ ఉన్నవి మొత్తం 20 మాత్రమే వచ్చాయి. బ్లాక్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు హెడ్‌కి ముందు చిన్న ప్యాడ్ ఉంటుంది. దాని మీద ఇంజిన్ ప్లాంట్ అక్షరం, నెల, తేదీ, చివర ఎల్88కి ఐటీ అనే కోడ్. పక్కన కారు సీరియల్ నంబర్ కూడా కొడతారు. అంటే పోర్షెకి కార్డెక్స్ చెప్పేది ఇక్కడ బ్లాకే చెప్తుంది. దాంతోనే చిక్కు. బ్లాక్ పై ముఖాన్ని మిషన్ షాపులో చదును చేస్తే నంబర్ మాయమవుతుంది. నిజమైన ఇంజినే, నంబర్ మాత్రం పోయింది. మళ్లీ కొట్టొచ్చా?

పునరుద్ధరణ అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చూపించడమే కదా అనేవాళ్లు ఒక వర్గం. నా మటుకు మళ్లీ కొట్టడం మోసానికి తలుపు తీయడమే. ‘నాది అసలు బ్లాకే, నంబర్ మాత్రమే పోయింది’ అని అందరూ అంటారు. ఎవరు నిరూపిస్తారు?

ఎయిర్‌కూల్డ్_బెజవాడ

డెట్రాయిట్ గారూ, మరి తయారుచేసిన కంపెనీయే కొత్తది ఇస్తే? ఫెరారీలో పాత కార్లు చూసే క్లాసికే విభాగం పాత డ్రాయింగుల ప్రకారం ఇంజిన్ బ్లాక్‌ని కొత్తగా పోత పోసి ఇస్తుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. పోర్షె కూడా ఆనాడు నంబర్ లేని ఖాళీ కేస్‌లు విడిభాగాలుగా అమ్మింది. వారంటీలో వేసిన కేస్‌ని ఏమంటారు, దొంగదంటారా? రేసు కార్ల సంగతి సరేసరి. ఆర్‌ఎస్‌కి రేసు రూపమైన ఆర్‌ఎస్‌ఆర్‌లో ఒక సీజన్‌లోనే 2.8 ఇంజిన్లు మార్చి మార్చి వాడేవాళ్లు. వాటిలో ‘అసలు’ ఏది?

సికింద్రాబాద్_క్లాసిక్స్

రేసు కారుకి వేరే కొలబద్ద, ఒప్పుకుంటాను. అక్కడ కారు చరిత్రలో ఇంజిన్ మార్పు భాగం. రోడ్డు కారుకి అది వర్తించదు.

ఆ కాలంలోనే వేసిన ఫ్యాక్టరీ కేస్‌కి బిల్లు, తేదీ, డీలర్ ముద్ర ఉంటే నేను 5 నుంచి 10 శాతం కంటే తగ్గించను. బిల్లు లేని ఖాళీ కేస్ మీద నిన్న మొన్న కొట్టిన 663 నంబర్ ఉంటే కారునే ముట్టుకోను. 664 ఇంజిన్‌ని 664 అని చెప్పి అమ్మేవాడు నిజాయితీపరుడు. ఆ 4ని 3 చేసినవాడు కారు మొత్తాన్ని పాడుచేసినట్టే. ఆ తర్వాత చాసిస్ నంబర్‌ని కూడా ఎవరూ నమ్మరు.

అసలు భాగం బయట ఎక్కడో ఉంటే దాని ధర కూడా మామూలుగా ఉండదు. 2017లో 4.4 కోట్ల డాలర్లకి అమ్ముడైన ఒక ఫెరారీ 250 జీటీఓకి ఒరిజినల్ గేర్‌బాక్స్ వేరేవాళ్ల దగ్గర అమెరికాలో ఉండిపోయింది. దాన్ని రప్పించే బాధ్యత ఎవరిది అన్న పేచీ లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. గేర్‌బాక్స్‌కే అంత పట్టుదల అయితే ఇంజిన్ సంగతి చెప్పక్కర్లేదు.

కొలత_ముఖ్యం

నమ్మకాల మాట పక్కన పెట్టి, కొనేముందు ఏం చూడాలో చెప్తాను.

కార్వెట్ లాంటి పోత ఇనుప బ్లాక్ అయితే: ప్యాడ్‌ని గుడ్డ, థిన్నర్‌తో మాత్రమే తుడవండి. వైర్ బ్రష్, ఎమరీ ముట్టించకండి. టార్చ్ లైట్‌ని ప్యాడ్‌కి దాదాపు సమాంతరంగా పట్టి భూతద్దంతో చూడండి. ఫ్యాక్టరీలో ముఖాన్ని చదును చేసినప్పుడు పడిన బ్రోచింగ్ గీతలు సన్నగా, నేరుగా, ముందు నుంచి వెనక్కి ఒకే దిశలో ఉండాలి. గుండ్రంగా తిరిగిన గీతలుంటే అది మిల్లింగ్ లేదా గ్రైండర్ పని. గీతలు అక్షరం అడుగున కూడా కనిపిస్తున్నాయా, అక్షరం వాటిని నలిపేసిందా చూడండి. తర్వాత మూడు తేదీలు వరుసలో ఉన్నాయా సరిచూడండి: బ్లాక్ పోత పోసిన తేదీ, ఇంజిన్ అసెంబ్లీ తేదీ, కారు తయారైన తేదీ. పోత తేదీ బ్లాక్ మీద ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి మార్చడం కష్టం. నెలని అక్షరంతో రాస్తారు: ఎ అంటే జనవరి, అక్కడినుంచి వరుసగా. ఏప్రిల్‌లో తయారైన కారులో జూన్‌లో పోసిన బ్లాక్ ఉంటే ఇక మాట్లాడేదేమీ లేదు.

చెరిపేసిన నంబర్ కింద పాతది దొరుకుతుందా? ఇనుములో దొరకొచ్చు. పంచ్ దెబ్బకి లోహం లోతుగా నలుగుతుంది, ఆ నలిగిన పొర పైన గీకినా కొంత మిగిలి ఉంటుంది. ఆసిడ్ ఎచింగ్ లేదా మాగ్నెటో ఆప్టికల్ పరీక్షతో అది బయటపడుతుంది. మెగ్నీషియం కేస్ మీద మాగ్నెటో ఆప్టికల్ పనిచేయదు, అయస్కాంతం పట్టే లోహానికే అది. ఆసిడ్ కూడా మెగ్నీషియాన్ని తినేస్తుంది. కాబట్టి పోర్షె విషయంలో ప్యాడ్ మందం, పక్క కేస్ పోత పైపొరతో పోలిక, అంకెల అచ్చు ఆకారం చూడాలి. అదే నెలలో తయారైన, చరిత్ర తెలిసిన కారు అంకెల ఫొటోలు తెచ్చి పక్కన పెట్టుకోండి. ముఖ్యంగా 6, 3 వంపులు.

జాగ్వార్ ఈ టైప్‌కి పని సులువు. పాత ఫ్యాక్టరీ రికార్డుల నుంచి ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌లోనే ఇంజిన్, గేర్‌బాక్స్, బాడీ నంబర్లు వస్తాయి. నంబర్ బ్లాక్ మీదా, హెడ్ ముందూ రెండు చోట్ల ఉంటుంది. హెడ్ ఒక్కటే మారిందా, మొత్తం మారిందా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఆర్‌సీ_బుక్

మన దేశంలో ఇది కలెక్టర్ల పట్టింపు మాత్రమే కాదు, చట్టం కూడా ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకి ‘వీఏ’ సిరీస్ నంబర్ ప్లేట్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, రీ-రిజిస్ట్రేషన్‌కి 5,000. కానీ వింటేజ్ అని పిలవాలంటే కారు అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ షెల్లు, ఇంజిన్‌లో పెద్ద మార్పు జరగకూడదు. 1973 కారు ఇప్పుడు ఆ వయసు దాటేసింది. హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ అలాంటి కారు పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఇంజిన్ మార్పు కాగితాల దగ్గరే అడ్డం రావచ్చు.

మామూలు ఆర్‌సీ ఉన్న పాత కారుకైనా ఇంజిన్ మారిస్తే ఆర్‌టీఓకి తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. నంబర్ మీద గీకిన గుర్తులుంటే కొనకండి. బదిలీ రోజు పెన్సిల్ ప్రింట్ తీసినప్పుడు అది దాగదు.

ఎయిర్‌కూల్డ్_బెజవాడ

వీఏ సంగతి నా లెక్కలోకి రాలేదు, అది నిజమైన ఖర్చే. అయినా 30 శాతం మాత్రం ఒప్పుకోను. చెడిపోయిన అసలు కేస్ పెట్టెలో కారుతో పాటు వస్తే ఎంత తగ్గిస్తారు?

సికింద్రాబాద్_క్లాసిక్స్

కేస్‌_హాఫ్ గారు చెప్పిన పని మొత్తానికి ఎంత ఖర్చవుతుందో అంత, దాని మీద కాస్త తిప్పలకి. మూడో వంతు కాదు. పగిలిన కేస్ అయినా సరే, నంబర్ ముక్క నిండుగా ఉంటే దానికి విలువుంది.

కేస్_హాఫ్

అలాంటి కేస్ దాచేటప్పుడు ఆయిల్ అంతా కడిగి, ఆరబెట్టి, పల్చగా తుప్పు నిరోధక నూనె రాసి, రెండు సగాలూ బోల్టులతో కలిపి ఉంచండి. విడిగా పెడితే వంగుతాయి. తేమ తగిలితే మెగ్నీషియం తెల్లటి పొడిగా రాలుతుంది, నంబర్ ఉన్న ముఖమైతే ఇంకేమీ మిగలదు. సిమెంట్ నేల మీద పెట్టకండి. అమ్మకపు కాగితంలో ‘మ్యాచింగ్’ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా కారులో ఉన్న ఇంజిన్ నంబర్, పెట్టెలో ఉన్న కేస్ నంబర్, కార్డెక్స్ నంబర్ మూడూ విడివిడిగా అంకెలతో రాయించుకుని, రెండు కేస్‌ల ఫొటోలకీ ఇద్దరి సంతకాలూ పెట్టించండి.