ఫొటో షార్ప్‌గా ఉందో లేదో తేల్చేది యాపా, కన్నా?

పెళ్లిఫొటోలు: జీలకర్రబెల్లం షాట్. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా, 85 ఎంఎం లెన్స్, ఎఫ్ 1.8 (లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచి), దూరం 2 మీటర్లు. డెప్త్, అంటే ముందూవెనకా షార్ప్‌గా వచ్చే మేర, 6 సెంటీమీటర్లని దాన్ని లెక్కగట్టే యాప్ చూపించింది. ఫోకస్ పెళ్లికొడుకు కన్ను మీద, పెళ్లికూతురు కన్ను రెండు సెంటీమీటర్లు వెనక. కెమెరా స్క్రీన్‌లో ఇద్దరూ బానే ఉన్నారు. ఆల్బమ్‌లో 12x36 షీట్ నిండా వేస్తే అమ్మాయి కనురెప్పలు మసకైపోయాయి. ఈ యాప్‌లను నమ్మొచ్చా?

మాన్యువల్‌మామ: యాప్ ఎందుకయ్యా! లెన్స్ రంధ్రాన్ని మనం పెట్టిన ఎఫ్‌కి మూసి చూపించే ప్రివ్యూ బటన్ నొక్కి వ్యూఫైండర్‌లో చూసుకోవాల్సింది. ముప్పై ఏళ్లు అలాగే తీశాను.

లెక్కలమాస్టారు: మామగారూ, 1.8 లెన్స్‌ని 1.8లోనే వాడుతుంటే ఆ బటన్ నొక్కి ఏం లాభం? పైగా ఇప్పటి డీఎస్ఎల్ఆర్‌ల వ్యూఫైండర్‌లోని ఫోకసింగ్ స్క్రీన్ 1.4 లెన్స్ పెట్టినా దాదాపు ఎఫ్ 2.8 డెప్తే చూపిస్తుంది. ఫొటోలో అంత రాదు. యాప్ అబద్ధం చెప్పలేదు. సెన్సార్ మీద చుక్క 0.03 ఎంఎం దాకా ఉబ్బినా షార్పే అనుకుంది. అది 8x10 ప్రింటుని 25 సెంటీమీటర్ల నుంచి చూసేవాళ్ల లెక్క. మీ షీటు 36 అంగుళాలు, మసకా మూడింతలు. యాప్‌లో 0.03 బదులు 0.01 పెట్టి చూడండి, 6 కాస్తా 2 అవుతుంది. అంటే వెనక్కి ఒక్క సెంటీమీటరే.

మాన్యువల్‌మామ: నా కెమెరాలో ఫోకస్ కుదరకపోతే బొమ్మని రెండు ముక్కలుగా చూపే స్ప్లిట్ స్క్రీన్ ఉండేది.

కొత్తకెమెరా: అది ఫోకస్ కోసం కదా అంకుల్, డెప్త్ కోసం కాదు. ఎఫ్ 4 పెట్టి (రంధ్రం చిన్నది చేసి), తగ్గే వెలుగుకి ఐఎస్ఓ పెంచితే పోయేది.

లెక్కలమాస్టారు: 0.01 లెక్కన ఎఫ్ 4కి కూడా డెప్త్ నాలుగున్నర సెంటీమీటర్ల లోపే, వెనక్కి అందులో సగం. అమ్మాయి కన్ను అంచు మీద ఉంటుంది.

మాన్యువల్‌మామ: ఈ మాస్టారు ఎన్ని పెళ్లిళ్లు తీశారో ముందు చెప్పమనండి.

లెక్కలమాస్టారు: ఒక్కటీ తీయలేదు. మా చెల్లి పెళ్లి ఆల్బమ్‌లో మా నాన్నమ్మ ముఖం అలికేసినట్టుంది. ఆవిడ జన్మలో దిగిన ఫొటోలే నాలుగు. అడిగితే, "కాస్త దూరం నుంచి చూడండి సార్" అన్నాడు తీసినాయన.

మాన్యువల్‌మామ: తప్పేముంది? పెద్ద ఫొటోని ఎవరైనా దూరం నుంచే చూస్తారు.

లెక్కలమాస్టారు: గోడ మీద పటాన్నైతే చూస్తారు. ఆల్బమ్‌ని ఒళ్లో పెట్టుకుని, "ఇదిగో మీ అత్త" అని వేలు పెట్టి చూపిస్తారండీ. ఎంత దూరం నుంచి చూడాలో మీరెలా చెప్తారు?

పెళ్లిఫొటోలు: పెళ్లికూతురి నాన్నగారూ అంతే. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, షీటుకి ముక్కు ఆనించి చూశారు. బ్యాలెన్స్ 8 వేలు ఆపేశారు. అదే ఫొటో సగం సైజులో వేయించి ఇస్తే ఏమీ అనలేదు.

కొత్తకెమెరా: డబ్బులిచ్చారా అన్నా?

పెళ్లిఫొటోలు: శ్రావణం వెళ్లాక రమ్మన్నారు.

మాన్యువల్‌మామ: స్ప్లిట్ స్క్రీన్ ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు.