"ఒడ్డున పడ్డ చేప" అన్ని చేపలకీ కుదురుతుందా?

"ఒడ్డున పడ్డ చేపలా గిలగిలా కొట్టుకున్నాడు" అంటాం కదా, ఆ మాట అన్ని చేపలకీ కుదరదు. బొచ్చె, శీలావతి లాంటివాటికి ఆ మాట అతికినట్టు సరిపోతుంది, ఒడ్డున వేస్తే కాసేపట్లో అయిపోతాయి. అయితే బెంగాలీలో సరిగ్గా దీనికి ఎదురు మాట ఒకటుంది, "కొయ్ మాఛేర్ ప్రాణ్", అంటే కొయ్ చేప ప్రాణం. ఎన్ని దెబ్బలు తిన్నా పోని మనిషిని మనం మొండి ప్రాణం అంటాం చూడండి, వాళ్ళు అక్కడ ఈ చేపని లాక్కొస్తారు.

కొయ్ అంటే అనబాస్ టెస్టుడినియస్, ఇంగ్లీషువాళ్ళు క్లైంబింగ్ పెర్చ్ అనేది. మహా పెరిగితే 25 సెంటీమీటర్లు. దాని తలలో మొప్పల పైన ఒక గది ఉంటుంది, అందులో పల్చటి ఎముక రేకులు మడతలు మడతలుగా, వాటి మీద రక్తనాళాల పొర. దాన్నే లాబిరింత్ అంటారు. చేప పైకొచ్చి గాలి ఒక గుక్క మింగితే ఆ గాలి ఈ మడతల్లోకి పోతుంది. మొప్పలొక్కటే దానికి చాలవు, అందుకని పైకి రానివ్వకుండా వల కింద అదిమి ఉంచితే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది, చేప మునిగి చావడం అన్నమాట! అదే ఒడ్డున అయితే ఒళ్ళు తడిగా ఉన్నంతసేపు, గంటలకి గంటలు బతుకుతుంది.

పైగా నడుస్తుంది కూడా. మొప్ప మూతల అంచున రంపప్పళ్ళలాంటి ముళ్ళుంటాయి, మూతలు విప్పి వాటిని నేలకి గుచ్చి, తోకతో తోసుకుంటూ, మళ్ళీ గుచ్చి, అలా వాన పడ్డాక ఒక మడుగులోంచి ఇంకో మడుగుకి పోతుంది.

ఇప్పుడు అసలు మాటకొస్తా. తమిళంలో దీన్ని పనైయేరి కెండై అంటారు, పనై అంటే తాటిచెట్టు, ఏరి అంటే ఎక్కేది. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో డేనిష్ ఈస్టిండియా కంపెనీ లెఫ్టినెంట్ డాల్డార్ఫ్ 1791లో చెరువు గట్టున తాటిచెట్టు పగుల్లో ఈ చేపని చూశాడట, నీటికి అయిదడుగుల ఎత్తున, మొప్ప మూతలతో వేలాడుతూ, తోక వంచి, కింది రెక్క ముళ్ళు బెరడులో దిగేసి ఇంకా పైకి పాకుతోందని రాశాడు. 1797లో లండన్‌లోని ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘం లినియన్ సొసైటీ ఆ రాతని అచ్చేసింది. తర్వాత ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కువియే పెట్టిన అనబాస్ అన్న పేరు కూడా గ్రీకులో ఎక్కడం నుంచి వచ్చిందే. చెట్టు మీద దొరికినవి కాకులో గద్దలో ఎత్తుకెళ్ళి వదిలేసినవి అయ్యుంటాయని తర్వాతివాళ్ళు అన్నారు, నాకూ అదే సబబుగా తోస్తుంది, నేల మీద పాకడం వేరు నిట్టనిలువు మాను ఎక్కడం వేరు. కానీ పేరు మాత్రం రెండు భాషల్లోనూ చెట్టెక్కి కూర్చుంది, దిగదు.

— మరి మన కొర్రమీను సంగతేంటండీ? మార్కెట్లో టబ్బులో జానెడు నీళ్ళు కూడా ఉండవు, అయినా సాయంత్రం దాకా ఎగురుతూనే ఉంటుంది.

— అదీ ఈ వరసలోదేనండీ, దగ్గర చుట్టమే. దాని తలలోనూ గాలి గది ఉంది, కాకపోతే కొయ్‌లో ఉన్నన్ని మడతలు ఉండవు. టబ్బులో మూతి పైకెత్తి గుటకేసేది గాలికే. హైదరాబాద్‌లో మృగశిర కార్తెకి చేప ప్రసాదంలో మందు పెట్టి మింగించేది కూడా బతికున్న కొర్రమీను పిల్లనే. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే, అక్కడ కొర్రమట్ట అంటారు.

— అయితే తెలుగులో "కొర్రమట్ట ప్రాణం" అని ఎవరూ ఎందుకు అనలేదో!

— అనొచ్చు కదా, ఎవరు ఆపారు? నేను రేపటి నుంచే మొదలుపెడతా, మా బాబాయే మొదటి కేసు.