సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడా, కొత్త ఐ3నా? అమ్మాయి బీటెక్‌కి ఏది కొనాలి

కావలి ఎరువుల కొట్టు:

మాది కావలి. అమ్మాయికి నెల్లూరు దగ్గర కాలేజీలో సీఎస్‌ఈ సీటు వచ్చింది, హాస్టల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ కోసం 40 వేలు పక్కన పెట్టాను. ఫీజు కట్టాక అంతకు మించి నా వల్ల కాదు.

రెండు చూసి ఉంచాను. ఒకటి నెల్లూరు ట్రంకు రోడ్డు షాపులో కొత్తది. ఇంటెల్ ఐ3 1215యూ చిప్పు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ స్టోరేజీ, 37,990 రూపాయలు, ఈఎంఐ ఉంది. రెండోది చెన్నై రిచీ స్ట్రీట్‌లో తెలిసినవాళ్లు చెప్పింది. లెనోవో కంపెనీ థింక్‌ప్యాడ్ టీ14, పదో తరం ఐ5, 16 జీబీ, 512, 29 వేలు. ఏదో కంపెనీ వాడి వదిలేసిందట. నెల రోజులు ‘టెస్టింగ్ వారంటీ’ అంటున్నాడు, అదేమిటో నాకు తెలియదు.

మా బావమరిది "ఒకరు వదిలించుకున్నది మనం తగిలించుకోవడం ఎందుకు బావా" అంటున్నాడు. అమ్మాయి ఫొటో చూసి "నల్ల పలకలా ఉంది నాన్నా" అంది గానీ వద్దని మాత్రం అనలేదు. నేను పాత ట్రాక్టర్ కొన్నాను, పాత బండ్లు కొన్నాను. అవి స్టార్ట్ చేసి శబ్దం వింటే తెలిసిపోతుంది. దీన్ని ఏం చూసి కొనాలి? వాడినవాళ్లు చెప్పండి.

దర్గామిట్ట రూమ్ నంబర్ 6:

అన్నా, నాదీ థింక్‌ప్యాడే, టీ480, 2018 మోడల్. సెకండ్ హ్యాండ్‌లో 22 వేలకు కొని రెండేళ్లయింది. దానికి బ్యాటరీలు రెండు, ఒకటి లోపల, ఒకటి వెనక. వెనకది చేత్తో లాగి మార్చుకోవచ్చు. కొన్న నాలుగు నెలలకు అది పోయింది, కొత్తది వేయించా. కరెంటు పోతే ఇప్పటికీ మూడున్నర గంటలు వస్తుంది.

ఒకసారి పరీక్షల ముందు రాత్రి రూమ్‌మేట్ మోచెయ్యి తగిలి గ్లాసు టీ మొత్తం కీబోర్డు మీద పడింది. వెంటనే ఆపేసి తిరగేశా. వీటికి కీబోర్డు కింద నీళ్లు కారిపోవడానికి రంధ్రాలు ఉంటాయి, అక్కడి నుంచి చుక్కలు చుక్కలుగా దుప్పటి మీద పడింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఫ్యాన్ కింద పెట్టి ఆన్ చేస్తే బతికింది. స్పేస్ బార్ మాత్రం వారం పాటు చక్కెర పాకం తొక్కినట్టు అతుక్కునేది.

బాగాలేనివి కూడా చెప్తా. తెర మసక, సాయంత్రం మిద్దె మీద కూర్చుంటే ఏమీ కనపడదు. కెమెరాలో నా మొహం నాకే గుర్తుపట్టలేను. బ్యాగులో బరువు తెలుస్తుంది.

చీమకుర్తి క్వారీ లెక్కలు:

కొత్తదే కొనండి అనేవాళ్లు ముందు నా కథ వినండి. మూడేళ్ల క్రితం ఆఫీసు లెక్కలకు ‘కొత్తది కదా’ అని 23 వేలు పెట్టి ఒకటి తెచ్చాను. సెలెరాన్ చిప్పు, 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించినది, 64 జీబీ స్టోరేజీ. ఆ 64 కూడా ఎస్‌ఎస్‌డీ కాదు, ఈఎంఎంసీ అంట, ఫోన్లలో వేసే రకం. ఆరు నెలలకే విండోస్ అప్‌డేట్‌కి చోటు లేదని మొరాయించింది. ర్యామ్ పెంచుదామంటే స్లాటే లేదు. టాలీ తెరిచి టీ తాగి వచ్చేవాణ్ణి. ఇప్పుడు మా పిల్లాడు దాంట్లో పాటలు వింటున్నాడు.

మా దగ్గర రాతి పొడికి ఏ మిషనైనా ఏడాదికోసారి ఫ్యాన్ విప్పి ఊడ్పించాల్సిందే. ఆ పని ఎవరు చేస్తారో చూసుకొని కొనండి.

పొదిలి టీచరమ్మ:

అందరూ పాతదే పాతదే అంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. మా అబ్బాయికి 2021లో 41 వేలకు కొత్తది కొన్నాం, సాదా ఐ3యే. తొమ్మిదో నెలలో ఉన్నట్టుండి ఆన్ కాలేదు. ఫోన్ చేస్తే నాలుగో రోజు మనిషి ఇంటికే వచ్చి, మా భోజనాల బల్ల మీద విప్పి, మదర్‌బోర్డు మార్చి వెళ్లాడు. పైసా తీసుకోలేదు, మజ్జిగ మాత్రం తాగాడు. అదే సెకండ్ హ్యాండ్ అయితే ఆ పిల్లాడు పరీక్షలు మానుకొని చెన్నై బస్సెక్కాలి. హాస్టల్లో ఉండే ఆడపిల్లకు ఆ తిరుగుడు ఎవరు తిరుగుతారండీ? పైగా కొత్తది నెలనెలా కట్టుకోవచ్చు, పాతదానికి మొత్తం ఒకేసారి చేతిలో పెట్టాలి.

ఒంగోలు రిపేరు బల్ల:

నేను పదకొండేళ్లుగా ఇవే విప్పుతున్నాను. టీచరమ్మ గారు చెప్పింది నిజం, వారంటీ విలువ బోర్డు పోయినప్పుడే తెలుస్తుంది. కానీ అది ఏడాదే. బీటెక్ నాలుగేళ్లు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. కావలి అన్న చూసిన కొత్త ఐ3 1215యూ ఆ పాత ఐ5 కంటే వేగం. ఐ5 అనే పేరు చూసి మోసపోకండి. పదో తరం ఐ5లో కోర్లు (చిప్పులో లెక్కలు చేసే భాగాలు) నాలుగు, ఈ ఐ3లో ఆరు, రెండు పెద్దవి, నాలుగు చిన్నవి. కాబట్టి వేగం కోసమైతే పాతది కొనక్కర్లేదు. థింక్‌ప్యాడ్ లాంటి పాత బిజినెస్ మోడల్‌కి డబ్బు పెట్టేది శరీరానికి: కీబోర్డు, హింజ్ (మూత తెరిచే కీలు), పోర్టులు, విప్పి బాగుచేసుకునే వీలు.

చవక కొత్తవాటిలో నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి హింజ్ విరిగినవి. లోపల చిన్న ఇత్తడి నట్టు ప్లాస్టిక్‌లో దిగేసి ఉంటుంది. పిల్లలు ఒక్క చేత్తో, ఒక మూల పట్టుకొని తెరుస్తారు. ఏడాదిన్నరకు ఆ ప్లాస్టిక్ పగిలి నట్టు ఊడి చేతికొస్తుంది. మేం ఎంసీల్ పెట్టి కూర్చోబెడతాం, ఆర్నెల్లకు మళ్లీ వస్తారు. పైన మూత మొత్తం మార్చాలంటే ఆ పార్టు దొరకాలి, నాలుగైదు వేలు. బిజినెస్ మోడళ్లలో ఇది అరుదు.

ఇక పాతది చూసేటప్పుడు ఎద్దుకు పళ్లు పట్టి చూసినట్టు చూడాలి. పళ్లు ఎక్కడంటే బ్యాటరీ రిపోర్టులో. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. టీ14కి మొదటిది 50,000 చుట్టుపక్కల ఉండాలి. రెండోది 31,000 అనుకోండి, అంటే 62 శాతమే మిగిలింది, కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి కోయమనండి. ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆరోగ్యం ఎంత శాతమో చూపిస్తుంది. కింద అట్ట మీది సీరియల్ నంబర్‌ని కంపెనీ సైటులో కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో, ఏమైనా మిగిలిందో తెలుస్తుంది. అమ్మేవాడు చెప్పిన వయసూ అదీ కలవాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. ఆన్ చేస్తూనే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు ఉండే సెట్టింగుల్లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగిందా, ఎంత తక్కువకిచ్చినా అక్కడే వదిలేసి బయటికి రండి. కంపెనీలు పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అది. విండోస్ మార్చినా పోదు. మర్చిపోతే మదర్‌బోర్డు మార్చడమే అధికారిక మార్గం. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, దొంగ సరుకు భయం ఉండదు.

ఎనిమిదో తరం ఇంటెల్ కంటే పాతవి 14 వేలకు, 15 వేలకు వస్తాయి, జోలికి పోవద్దు. విండోస్ 11 వాటిని అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీ14 2020 మోడల్ కాబట్టి ఆ టెన్షన్ లేదు.

మైపాడు బీచ్ రోడ్డు:

మ్యాక్‌బుక్ గురించి ఎవరూ అనలేదు. నేను ఎం1 ఎయిర్ పాతది 43 వేలకు తీసుకున్నా. ఫ్యాన్ ఉండదు, చప్పుడు ఉండదు, పొద్దున ఛార్జ్ పెడితే సాయంత్రం దాకా వస్తుంది. తెర చూశాక మళ్లీ మామూలు ల్యాప్‌టాప్ చూడబుద్ధి కాదు.

కానీ బోర్డు పోతే అంతే సంగతులు, ర్యామ్, స్టోరేజీ అన్నీ దానికే అతికి ఉంటాయి. మా ఊళ్లో సముద్రపు గాలికి కిటికీ ఊచలే పొడి రాలతాయి, రాత్రిళ్లు దాన్ని బియ్యం డబ్బాలా మూతపెట్టి దాస్తున్నా. కొనేటప్పుడు అమ్మినవాడు తన ఐక్లౌడ్ (ఆపిల్) ఖాతా తీసేశాడో లేదో మీ కళ్ల ముందే మొత్తం చెరిపించి, మళ్లీ మొదటి నుంచి సెటప్ చేయించి చూడండి. మధ్యలో రిమోట్ మేనేజ్‌మెంట్ అని వస్తే అది ఇంకా ఏదో కంపెనీ చేతిలోనే ఉన్నట్టు. ఇంకోటి, ఈసీఈ పిల్లలకు వద్దు, వివాడో లాంటి చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు మ్యాక్‌లో నడవవు. సీఎస్‌ఈకి ఇబ్బంది లేదు.

కావలి ఎరువుల కొట్టు:

అందరికీ దండాలు. మ్యాక్ నా బడ్జెట్ దాటింది, వదిలేశాను. షాపువాళ్లు మళ్లీ ఫోన్ చేసి ఐ3 బదులు రైజెన్ 3 7320యూ ఉంది, 33 వేలకే ఇస్తాం, 7000 సిరీస్ కాబట్టి లేటెస్ట్ అంటున్నారు. 8 జీబీ. రిపేరు అన్నయ్యా, ఇదెలా ఉంటుంది? ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా?

ఒంగోలు రిపేరు బల్ల:

పెంచుకోలేరు. ఆ చిప్పుకు వేసే ర్యామ్ బోర్డుకు అతికించే రకమే, అది పెట్టిన ఏ ల్యాప్‌టాప్‌లోనూ స్లాట్ ఉండదు. పేరు 7000 గానీ లోపల కోర్లు జెన్ 2 అనే డిజైన్‌వి, అంటే 2019 నాటి సరుకు. కొత్త సీసాలో పాత నూనె. 8 జీబీతో మొదటి ఏడాది సీ, పైథాన్ గడిచిపోతాయి. మూడో ఏడు ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీదే నడిచే ఉత్తుత్తి ఫోన్) పెట్టిన రోజు అమ్మాయి మీకు ఫోన్ చేస్తుంది. దానికి 16 కావాలి.

కొత్త ఐ3లో ఒక స్లాట్ ఉందేమో మోడల్ నంబర్ పట్టి కనుక్కోండి. ఉన్నా, తర్వాత వేసుకుందాంలే అనే లెక్క ఇప్పుడు పనిచేయదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. 16 ఉన్నదాన్ని కొనడమే లాభం.

పొదిలి టీచరమ్మ:

అయితే నేనూ ఒక మెట్టు దిగుతాను. 16 జీబీ ఉండి, చూసే మనిషి దగ్గర్లో ఉంటే పాతది తీసుకోండి. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి, టైపు కొట్టేది ఆ పిల్ల, మీరు కాదు.

కావలి ఎరువుల కొట్టు:

పోయి వచ్చాను. తెల్లవారుజామున రైలెక్కి నేను, అమ్మాయి సెంట్రల్‌లో దిగి ఆటోలో రిచీ స్ట్రీట్ వెళ్లాం. సందు సందంతా వైర్లు, స్పీకర్లు, మనుషులు. తెలిసినవాళ్లు చెప్పిన షాపులో 29 వేల మిషను తుడిచి తళతళలాడించి పెట్టాడు. అమ్మాయి ఎఫ్1 నొక్కింది. తెర మీద తాళం బొమ్మ, పక్కన గడి, పాస్‌వర్డ్ అడిగింది. "అది మీకు అవసరం లేదు సార్, విండోస్ నడుస్తుంది కదా" అన్నాడు. రెండు వేలు తగ్గిస్తానన్నాడు. రిపేరు అన్నయ్య మాట గుర్తుపెట్టుకొని లేచి వచ్చేశాం. టెస్టింగ్ వారంటీ అంటే ఏమిటని కూడా అడిగాను. నెలలోపు పాడైతే వాళ్లే చూస్తారట, డబ్బు వెనక్కి ఇవ్వరట.

ఇంకో నాలుగు షాపులు తిరిగాం. మూడో అంతస్తులో ఒక చిన్న కొట్టులో అదే టీ14 దొరికింది. మూత మీద గీతలు, పాత కంపెనీ స్టిక్కర్ పీకిన బంక మరక. బయోస్ నేరుగా తెరుచుకుంది. బ్యాటరీ 40,500, అంటే 81 శాతం. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం 93. వారంటీ సైటులో తేదీ 2021 జనవరి, అతను చెప్పిందీ అదే. అమ్మాయి నోట్‌ప్యాడ్ తెరిచి ఏ నుంచి జెడ్ దాకా, అంకెలు, అన్ని మీటలూ ఒక్కోటి నొక్కింది. తెల్ల పేజీ పెట్టి తెర మీద చుక్కలున్నాయేమో చూసింది. ఆ కొట్టతను ఓపిగ్గా కూర్చున్నాడు, అది నాకు నచ్చింది. 30 అన్నాడు, 27,500కి ఒప్పుకున్నాడు. సీరియల్ నంబర్ వేసి బిల్లు ఇచ్చాడు. బ్యాటరీ కోసం ఐదు వేలు విడిగా పెట్టాను, మిగిలినవి హాస్టల్ డిపాజిట్‌కి పోయాయి.

ఒక్క ఫిర్యాదు. కీబోర్డులో ఎడమ చివర కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్ ఉందట. కాపీ చేయబోతే ఇంకేదో అవుతోందని రెండు రోజులుగా విసుక్కుంటోంది. ఇది మిషను లోపమా?

దర్గామిట్ట రూమ్ నంబర్ 6:

లోపం కాదన్నా, వీటి పుట్టుకే అంత. నాకు నెల పట్టింది అలవాటు కావడానికి.

ఒంగోలు రిపేరు బల్ల:

అలవాటు చేసుకోనక్కర్లేదు. ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, కాన్ఫిగ్‌లో కీబోర్డ్ మౌస్ అనే చోట ఎఫ్‌ఎన్, కంట్రోల్ తారుమారు చేసే ఆప్షన్ ఉంటుంది. ఆన్ చేసి ఎఫ్10తో సేవ్ చేయమనండి. మొదటి షాపు మిషను తెచ్చి ఉంటే బయోస్‌లో ఈ ఒక్కటీ మార్చుకోలేకపోయేవాళ్లు.

కావలి ఎరువుల కొట్టు:

మారిందట. ఇప్పుడు మీట మీది అక్షరాలు తప్పు చూపిస్తున్నాయని కంట్రోల్ అని కాగితం ముక్క రాసి అతికించింది.