‘కర్ణులు పదివేవురైన’ తర్వాత విడదీయడం ఎలా?

గోదారిగట్టు: పొద్దుటి నుంచి ఒక పాదం వదలడం లేదు. తిరుపతి వేంకట కవుల రాయబారం, ధర్మరాజు అలిగితే ఏమవుతుందో కృష్ణుడు కౌరవ సభలో హెచ్చరించే ‘అలుగుటయే’ పద్యంలో మూడోది. ‘కర్ణులు పదివేవురైన’ దాకా సాఫీగానే వస్తుంది. ఆపైన ‘నని నొత్తురు చత్తురు’ను ఎలా విడదీయాలి? నిజానికి నేను రాసుకుంటున్నది వేరే: రాయబారాన్ని ఏ కాలం కవి ఆ కాలానికి తగ్గట్టు ఎలా మలుచుకున్నాడని. తిక్కన కృష్ణుడు ఇంత బాహాటంగా బెదిరించడు కదా?

చంపకమాల: అనిన్ + ఒత్తురు. అని అంటే యుద్ధం. యుద్ధంలో నలిగి చస్తారని. ఇందులో సందేహం ఏముంది?

పాతప్రతి: ‘ఒత్తురు’ అయితే వాళ్లే ఇంకొకర్ని ఒత్తాలి. పదివేల మంది కర్ణులు పాండవుల్ని నలిపేస్తారని కృష్ణుడే చెప్తున్నాడా ఏమిటి! నొచ్చు (నొప్పిపడు) – నొత్తురు, చచ్చు – చత్తురు. జంట క్రియలు. యతి చూడండి, పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒకటి కుదరాలి కదా, ర్ణు – నొ (‘క’ పై పాదంలో ఉండిపోయింది). మీ లెక్కన ‘ఒ’కి చెల్లించాలి. ‘ణు’కి ‘ఒ’ ఏ ఛందస్సులో చెల్లుతుంది?

చంపకమాల: మరి ‘అని’కి ‘లో’ అనే అర్థమిచ్చే విభక్తి, ఆ ‘న్’, ఏదండీ? ‘అనిన్ నొత్తురు’ అంటే ‘ని’ గురువై (రెండు మాత్రలై) గణం, అంటే పద్యం నడక, పోతుంది. శతావధానులు విభక్తి మింగేస్తారా?

పాతప్రతి: బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరిని అడగండి. ద్రుతానికి (చివరి ‘న్’కి) స్థిరం (ఇక్కడ ‘నొ’లోని న) పరమైతే లోపం వికల్పం, ఆ ‘న్’ ఉండొచ్చు, పోవచ్చు. మింగలేదు, లోపించింది.

బందరు మీసం: మీరు సూత్రాలు తేల్చుకునేలోగా అసలు ప్రశ్నకి నా సిద్ధాంతం. ‘దోసమటం చెరింగియును’ అంటూ మీసాలు పెంచి, తమని ఎవరైనా గెలిస్తే తీసేస్తామని సవాలు విసిరిన కవులు వీళ్లు. సభలో గద్దించి నెగ్గడమే వాళ్ల వృత్తి. ఆ కృష్ణుడు రాయబారి కాదు, అవధాని. రంగస్థల కృష్ణుడు పీసపాటి వారు ఆ మూడో పాదం అందుకున్నాక జనం వన్స్‌మోర్ అనకుండా ఉంటారా? నాటక సమాజాల కాలానికి కావలసిన కృష్ణుడు అతనే.

పెన్నఒడ్డు: తిక్కన కృష్ణుడు మెత్తనివాడని ఎవరన్నారు? ‘సారపు ధర్మమున్ విమల సత్యముఁ’ మళ్లీ చదవండి. చేతనైన వాళ్లు ఉపేక్షిస్తే ఆ చేటు వాళ్లదే అంటాడు. పేరు పెట్టి తిట్టడు, సభ మొత్తాన్నీ బోనులో నిలబెడతాడు. అది మంత్రి మాట. నెల్లూరి రాజు మనుమసిద్ధి కోసం ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుణ్ణి ఒప్పించి వచ్చాడంటారు ఆయన. రాయబారం అంటే ఏమిటో ఎరిగి రాసినవాడు. తక్కినవాళ్లు చదివి రాశారు. (నెల్లూరి అభిమానం అనుకుంటే అనుకోండి.)

గోదారిగట్టు: ఇదే నాక్కావలసింది! మరి 1977కి వచ్చేసరికి? దానవీరశూరకర్ణ సినిమాలో...

బందరు మీసం: అక్కడ పదివేల మంది అక్కర్లేదు, ఒక్క కర్ణుడు చాలు. కులమడిగిన గురువుల్ని దుర్యోధనుడు నిలదీస్తుంటే హాలు హాలంతా ఊగింది. మాటలు రాసిన కొండవీటి వెంకటకవి హేతువాది. 1920లోనే శంబూక వధ నాటకం రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి ఆ దారి ముందే వేశారు.

చంపకమాల: ఒత్తు దగ్గరికి వస్తే, ‘ఒత్తిగిలు’ ఉంది కదా, పక్కకి తప్పుకోవడం. కర్ణులు తప్పుకుంటారు, చస్తారు. ఇక్కడ నలపడం అన్న మాటే రాదు.

పాతప్రతి: తప్పుకున్నవాడు చావడమెందుకు మాస్టారూ? యతి సంగతి దాటేశారు.

పెన్నఒడ్డు: ఈ గొడవకంటే ముందు మొదటి పాదం. ‘అజాతశత్రుడే’నా, ‘అజాతశత్రువే’నా? స్టేజి మీద రెండూ విన్నాను.

చంపకమాల: గణానికి రెండూ సరిపోతాయి. కానీ ఉకారాంతానికి (‘శత్రు’లా ఉకారంతో ముగిసే మాటకి) ‘డు’ ప్రత్యయం ఏమిటి? విష్ణుడు అంటామా?

పాతప్రతి: భానుడు అనడం లేదూ?